ముప్పై ఒకటో రోజు దిద్దుబాటు

బహ్గత్‌కు కాళ్ళు తెలియడం మానేసి రెండు నిమిషాలైంది.

బల్ల మీద రెండు కాఫీ కప్పులున్నాయి. అతిథి కప్పు నిండుగా అలాగే ఉంది. అతని కప్పు ఖాళీ. అతిథి వెళ్ళి పది నిమిషాలు కూడా కాలేదు, వీధిలో ఆ కారు చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది.

ముప్పై ఏళ్ళు నిఘా సంస్థ కోడ్ విభాగంలో పనిచేసి రిటైరైన మనిషి. ఏ విషం ఎంతసేపట్లో ఎక్కడిదాకా పాకుతుందో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. ముందు కాళ్ళు, తర్వాత నడుము, ఆ పైన చేతులు. చేతులకు ఇంకో నాలుగు నిమిషాల టైముంది.

ఫోన్ చేశాడు. మూడు రింగులు. ఆరు. తొమ్మిది. అవతల ఎవరూ ఎత్తలేదు.

ఫోన్ పక్కన పడేసి కంప్యూటర్ దగ్గరికి జరుపుకున్నాడు. అలెగ్జాండ్రియా నగర వికీలో, పదకొండేళ్ళుగా తాను రాస్తూ వస్తున్న పేజీ తెరిచాడు. రమ్ల్ ట్రాం చరిత్ర. ఒక పేరా మొదట్లో మూడు పై కామాలు కొట్టాడు. తర్వాత ఒక్కో వేలితో ఏదో టైప్ చేశాడు. చివర మూసే కామాలు పెట్టలేదు. సేవ్ నొక్కాడు.

తెర మీద ఆ పేరా మొత్తం బొద్దు అక్షరాల్లోకి మారిపోయింది, గోడ మీద తారు పూసినట్టు.

బహ్గత్ దానివైపే చూస్తూ ఉండిపోయాడు. మర్నాడు పొద్దున పనిమనిషి తలుపు తీసినప్పుడు కూడా దానివైపే చూస్తున్నాడు.

* * *

"గుండెపోటు కాదు," అన్నాడు మున్తసిర్ బాషా. సంస్థ అలెగ్జాండ్రియా శాఖకు అధిపతి. ఫైలును బల్ల మీదుగా తోశాడు. "రెండో పరీక్ష రిపోర్టు ఇవాళ పొద్దున వచ్చింది. విషం. మనిషి పోయిన ముప్పై ఒకటో రోజుకి!"

ఏజెంట్ వగీహ్ రుష్దీ ఫైలు తెరవలేదు.

"చచ్చేముందు ఫోన్ చేసింది నీకు."

"తెలుసు బాషా."

"ఎందుకెత్తలేదు?"

"క్షౌరం చేయించుకుంటున్నాను. మొహం నిండా సబ్బు. తర్వాత చేద్దాంలే అనుకున్నా."

మున్తసిర్ ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండునని వగీహ్‌కు అనిపించింది. కోడ్ భాషలో తనకు అక్షరాలు దిద్దించిన గురువు బహ్గత్. ఆ తొమ్మిది రింగులు నెల రోజులుగా తనను వదలడం లేదు. మంగలి షాపు ముందు నుంచి పోవడమే మానేశాడు.

"విను. ఇంజనీర్ లుత్ఫీ సంగతి తెలుసుగా?"

తెలుసు. విదేశీ ముఠా ఒకటి, పేరు సర్కిల్. దానికి కోడ్‌లు తయారుచేసి పెట్టిన మనిషి లుత్ఫీ. మూడు నెలల క్రితం తనంతట తానే వచ్చి లొంగిపోయాడు. రేపు కైరోలో న్యాయమూర్తి ముందు పంతొమ్మిది పేర్లు చెప్పాలి. అతన్ని దాచిన రెండు ఇళ్ళ మీద ఇప్పటికే తూటాలు పడ్డాయి. రెండుసార్లూ అదృష్టం కొద్దీ బతికాడు.

"అతన్ని రైలెక్కించేది ఇవాళ సాయంత్రం నాలుగ్గంటలకు, సీదీ గాబర్ స్టేషన్లో. మూడో ప్లాట్‌ఫాం. అతన్నీ కాపలా దళాన్నీ తీసుకెళ్ళే వాహనం బయల్దేరాక ఫోన్లు, రేడియో ఏవీ ఉండవు. రైలు కదిలేదాకా నేను పిలిచినా పలకరు. టైము, ప్లాట్‌ఫాం తెలిసినవాళ్ళం నలుగురం. నేను, కాపలా దళం నాయకుడు, రూట్ గీసిన మన ఏజెంట్ షాహినాజ్, ఇప్పుడు నువ్వు."

"నేను చెయ్యాల్సింది?"

"బహ్గత్ చివరిసారి తెరిచింది ఒక ట్రాం పేజీ. నలుగురైదుగురు ముసలివాళ్ళు గురువారం గురువారం ఒక ఫ్లాట్‌లో కూర్చుని రాస్తారట. అక్కడ ఏదో అనుమానంగా ఉంది, కలవాలని బహ్గత్ కబురు పెడితే, ఆరు వారాల క్రితమే షాహినాజ్‌ను అక్కడ పెట్టాను. ట్రాం కబుర్లు తప్ప ఏమీ లేదని ఆమె రిపోర్టు. అయినా వెళ్ళు. నీ పేరు రమ్సీ. నీటి మీటర్లు చూసి రిటైరైనవాడివి."

వగీహ్ నెరిసిన మీసం అతికించుకున్నాడు. కుడి చెవిలో వినికిడి యంత్రం పెట్టుకున్నాడు. దాంట్లో వినపడేది లోకం కాదు, మున్తసిర్ గొంతు.

* * *

బోల్క్‌లీ పేటలో ఒక ఐదో అంతస్తు ఫ్లాట్. తలుపు తీసింది తాంత్ ఫౌకియా, అంటే ఫౌకియా ఆంటీ. నగర వికీని నడిపే ఆవిడ. డెబ్బై రెండేళ్ళు, స్కూలు లైబ్రేరియన్‌గా చేసి రిటైరైంది. మెడలో కళ్ళజోడు, చేతిలో టీ ట్రే.

"రా ఉస్తాజ్ రమ్సీ. కంప్యూటర్ తెచ్చావా, లేక మీటర్ రీడింగుల పుస్తకం తెచ్చావా?"

"రెండూ మోస్తే నడుం పడిపోతుంది తాంత్."

"ఇక్కడ అందరి నడుమూ పడిపోయిందే. కూర్చో."

పొడుగాటి బల్ల చుట్టూ ఐదుగురు ముసలివాళ్ళు ల్యాప్‌టాప్‌ల్లో తలదూర్చి ఉన్నారు. కిటికీ పక్క కుర్చీ ఖాళీగా ఉంది. దాని ముందు గ్లాసులో టీ పోసి ఉంది. ఆవిరి లేస్తోంది. ఎవరూ ఆ వైపు చెయ్యి చాపడం లేదు.

బల్ల చివర షాహినాజ్. తెల్లటి లినెన్ సూటు, ఎడమచేతికి పెద్ద ఆకుపచ్చ రాయి ఉంగరం. వికీ వాళ్ళకు ఆమె టూరిస్ట్ గైడు. ఆమె నవ్వితే అవతలివాళ్ళు చెప్పబోయేది మర్చిపోతారని ఆఫీసులో చెప్పుకుంటారు.

"సముద్రం ఎలా ఉంది మాస్టారూ?" అంది.

"ఇవాళ ఉప్పు తగ్గింది," అన్నాడు వగీహ్.

కోడ్ సరిపోయింది. ఆమె దగ్గరికి వచ్చి గింజల పళ్ళెం అందిస్తున్నట్టు వంగింది. "వృథా ప్రయాణం. వీళ్ళు ట్రాం టికెట్ రంగు గురించి మూడు వారాలు కొట్టుకున్నారు. నువ్వు స్టేషన్‌కు పోయి ఉండాల్సింది," అని గొణిగింది. ఫోన్ తీసుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయింది.

చెవిలో మున్తసిర్: "మూడూ ఇరవై."

తాంత్ పక్కన కుర్చీ లాక్కుంది. "చూడు నాయనా. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. మాటకు అటూ ఇటూ రెండేసి పై కామాలు పెడితే వాలు అక్షరాలు. మూడేసి పెడితే బొద్దు అక్షరాలు. శీర్షికకు అటో రెండు ఇటో రెండు సమానం గుర్తులు. జాబితాకు చుక్క గుర్తు. తెరిచినదాన్ని మూయాలి, అంతే. మా ఆయన అల్మారా తలుపు లాగా వదిలెయ్యకూడదు."

"మూయకపోతే?"

"పేరా చివరిదాకా పాకుతుంది. సేవ్ చేసేముందు మునుజూపు నొక్కి చూసుకో. ఎలా కనబడుతుందో ముందే చూపిస్తుంది. నా బల్ల దగ్గర మునుజూపు చూడకుండా సేవ్ చేసినవాడికి టీ ఉండదు."

"నిజమే," అన్నాడు ఎదురుగా ఉన్న మాజీ నావికుడు తల ఎత్తకుండా. "పోయిన నెల నాకు రెండు వారాలు మంచినీళ్ళే."

వగీహ్ అభ్యాసానికన్నట్టు రమ్ల్ ట్రాం పేజీ తెరిచాడు. తాంత్ చెయ్యి వచ్చి తెర మీద పడింది.

"అది వద్దు."

బల్ల చుట్టూ టైపింగ్ ఆగిపోయింది.

"అది బహ్గత్ పేజీ," అందామె. గొంతు తగ్గింది. "ముప్పై ఒక్క రోజులైంది. మాలో ఒకరు పోతే, నలభై దాటేదాకా వాళ్ళ చివరి దిద్దుబాటును మేము ముట్టుకోం. తప్పున్నా సరే, కామా జారినా సరే. పోయినవాళ్ళు కూర్చున్న పరుపు దులపం కదా, అలాగే. నలభయ్యో రోజున అందరం కూర్చుని దిద్దుతాం."

"అతను ఏం తప్పు చేశాడు?"

"మూడు కామాలు తెరిచి మూయకుండా పోయాడు. బహ్గత్! నాకు ఈ గుర్తులు నేర్పినవాడు! పేరా అంతా నల్లబడిపోయింది. రోజూ పొద్దున్నే లేచి నేను అదే చూసేదాన్ని. గట్టిగా ఏదో చెప్పడం మొదలుపెట్టి నోరు మూయకుండా ఉండిపోయిన మనిషిలా ఉండేది. ఇదుగో, వీళ్ళందరూ చూసేవాళ్ళే. సలాం చెప్పి వెళ్ళేవాళ్ళు."

వగీహ్ తెరవైపు చూశాడు. పేజీని పైనుంచి కిందిదాకా జరిపాడు.

"తాంత్, ఇక్కడ ఏ పేరా బొద్దుగా లేదే."

"నిన్న సాయంత్రం మూసేశారు." ఆమె బాల్కనీ వైపు కళ్ళతో చూపింది. "ఆ పిల్లే. కొత్తది, సంగతి తెలియదు. దీన్ని మేము పనిగట్టుకుని ఎవరికీ చెప్పం, ఇంతవరకు అవసరం పడలేదు. తెలియక చేసిన పని కదా, నొచ్చుకుంటుందని ఊరుకున్నాను. కానీ రాత్రంతా నిద్రపట్టలేదు. ఎవరో వచ్చి అతని కళ్ళు మూసి వెళ్ళినట్టు అనిపించింది."

తప్పు కనబడితే దిద్దడం వికీలో మామూలు పని. ఏ ఊళ్ళోనైనా అది మంచితనమే. ఈ ఒక్క బల్ల దగ్గర మాత్రం కాదు. ఈ బల్ల మనిషి ఎవరూ ఆ పని చెయ్యరు.

బహ్గత్ తప్పు చేశాడా? వగీహ్‌కు ఆ చేతులు తెలుసు. ఇరవై ఏళ్ళలో ఆ చేతులు తెరిచిన ఒక్క గుర్తునూ మూయకుండా వదల్లేదు.

అది తప్పు కాదు. పిలుపు. పేజీ పాడైనట్టు కనిపిస్తే ఎవరో ఒకరు దిద్దడానికి లోపలికి వస్తారు, వస్తే అక్కడ దాచింది కళ్ళబడుతుంది. చచ్చిపోతూ వేసుకున్న లెక్క అది. పాపం, తన మీద వీళ్ళకున్న గౌరవాన్ని మాత్రం లెక్కలో వేసుకోలేదు. ముప్పై రోజులు అందరూ గుమ్మం దాకా వచ్చి సలాం చెప్పి వెళ్ళిపోయారు. తలుపు తీసింది ఒక్కరే.

"పాత రూపం చూడొచ్చా తాంత్?"

"చరిత్ర నొక్కు. ఇక్కడ ఏదీ చెరిగిపోదు."

చరిత్ర తెరుచుకుంది. నిన్న సాయంత్రం ఆరూ పది. షాహినాజ్ ఖాతా. పక్కన 'చిన్న మార్పు' అని గుర్తు. వగీహ్ తేడా నొక్కాడు. కుడివైపు కొత్తగా చేర్చిన మూడు కామాలు. ఎడమవైపు, తీసేసిన భాగం ఎర్రగా మెరిసింది. పేజీలో ఎవరికీ కనబడకుండా, దిద్దేవాళ్ళకు మాత్రమే కనబడేలా రాసే దాపుడు వ్యాఖ్య అది.

"వగీహ్, నువ్వు ఫోన్ ఎత్తలేదు. పరవాలేదు. షాహినాజ్‌ను నమ్మకు, కాఫీలో కలిపింది తనే. ఈ పేజీలో ట్రాం ఫొటో కింది మాటను చూడు. సర్కిల్ మనుషులకు ఆదేశాలు అక్కడ. మామూలుగా ఉంటే ఆగమని. బొద్దుగా ఉంటే కాల్చమని. వాలుగా ఉంటే వదిలేసి పొమ్మని. వేళ్ళు"

అక్కడితో ఆగిపోయింది.

వగీహ్ రెండోసారి చదవలేదు. చదివితే లేవలేనని తెలుసు.

"ఈ వగీహ్ ఎవరు?" అంది తాంత్, అతని భుజం మీదుగా చదివి.

"నేనే." మీసం పీకి బల్ల మీద పెట్టాడు.

తాంత్ మీసాన్ని చూసింది, అతన్ని చూసింది. "మీటర్లు చూసే మొహం కాదని వచ్చినప్పుడే అనుకున్నా," అంది.

ఆమె ల్యాప్‌టాప్ టింగుమంది. ట్రాం పేజీ మారిందని కబురు. ఇద్దరూ ఒకేసారి చూశారు. ఫొటో కింద 'రమ్ల్ స్టేషన్, ఆఖరి ట్రాం' అన్న మాట ఇంతవరకూ మామూలుగా ఉండేది. ఇప్పుడు బొద్దుగా, నల్లగా ఉంది.

బాల్కనీ అద్దం వెనక షాహినాజ్ ఫోన్ మీద వేలు కదుపుతోంది.

"బాషా!" వగీహ్ చెవి నొక్కాడు. "షాహినాజ్ సర్కిల్ మనిషి. స్టేషన్లో స్నైపర్ ఉన్నాడు. లుత్ఫీని ఆపండి!"

చెవిలో మున్తసిర్ కుర్చీ వెనక్కి తోసిన చప్పుడు. "ఎలా ఆపను? రేడియో ఆపేసుకుని బయల్దేరారు. అది నేనే పెట్టిన రూలు. స్టేషన్ పోలీసులకు వాళ్ళ మొహాలు తెలియవు, ఇక్కడి నుంచి మనుషుల్ని పంపినా గురువారం ట్రాఫిక్. మూడూ యాభై ఐదు, వగీహ్. ఐదు నిమిషాలు."

ఆమెను పట్టుకున్నా లాభం లేదు. ఆదేశం అప్పటికే వెళ్ళిపోయింది. ఎక్కడో ఒక కిటికీలో ఒకడు తుపాకీ పక్కన ఫోన్ పెట్టుకుని ఈ పేజీనే చూస్తున్నాడు. వాడితో మాట్లాడే దారి ఒక్కటే, ఫొటో కింది ఆ నాలుగు మాటలు.

"తాంత్, ఈ పేజీ నేను ముట్టుకోవాలి. ఒక మనిషి ప్రాణం."

ముసలివాళ్ళందరూ ఆమెవైపే చూస్తున్నారు. తాంత్ కిటికీ పక్క ఖాళీ కుర్చీవైపు తిరిగింది. నిజంగా ఎవరినో అడుగుతున్నట్టు ఒక్క క్షణం చూసింది.

"ఒప్పుకున్నాడు," అంది. "దిద్దు. నేను ఈలోగా ఆ పిల్లను బయటికి నెడతా. ఇక్కడ నిర్వాహకురాలిని నేను."

ఆమె వేళ్ళు తన ల్యాప్‌టాప్ మీద టకటకమన్నాయి. ఖాతా నిరోధం. ఎంతకాలం? శాశ్వతంగా. కారణం? 'మర్యాద తెలియదు.'

వగీహ్ దిద్దుబాటు పెట్టె తెరిచాడు. ఆ మాట ముందు కర్సర్ పెట్టి రెండుసార్లు మీట కొట్టాడు. కామాలు రాలేదు. 'తా' అక్షరాలు రెండు పడ్డాయి.

"భాష మార్చు నాయనా, భాష! అరబిక్‌లో ఆ మీట తాకారం!"

చెరిపాడు. ఇంగ్లీషులోకి మార్చాడు. ఇటు రెండు కామాలు, అటు రెండు కామాలు.

"మూడూ యాభై ఎనిమిది," అంది చెవిలో గొంతు. "ఈపాటికి స్టేషన్ గేటు దగ్గర వాహనం ఆగి ఉంటుంది."

బాల్కనీ తలుపు జారిన చప్పుడు. వగీహ్ తల తిప్పలేదు. తెర అద్దంలో తన వెనక ఒక నీడ లేచి నిలబడింది. ఒక్క క్షణం అది బహ్గతేననిపించింది. పాత రోజుల్లో అలాగే వెనక నిలబడి, తప్పు కొట్టేదాకా ఆగి, అప్పుడు దగ్గేవాడు.

సేవ్ మీదికి వేలు వెళ్ళింది. తాంత్ అతని మణికట్టు పట్టుకుంది.

"మునుజూపు!"

"టైము లేదు తాంత్!"

"చూడు అంటున్నానా!"

నొక్కాడు. మాట వాలింది. కానీ నల్లగానే ఉంది. వాలిన బొద్దు అక్షరాలు! షాహినాజ్ పెట్టిన మూడు కామాలు తియ్యకుండానే తాను రెండు చేర్చాడు. అటు ఐదు, ఇటు ఐదు. వాలిందా లేదా అని స్నైపర్ చూడడు. నలుపు చూస్తాడు, కాలుస్తాడు.

ఇటు మూడు చెరిపాడు. అద్దంలో నీడ చెయ్యి ఎత్తింది. వేలికి ఆకుపచ్చ రాయి పక్కకు తెరుచుకుని ఉంది, దాని కింద నుంచి వెంట్రుకంత సూది. అటు మూడు చెరిపాడు.

మాజీ నావికుడు చేతికందిన గ్లాసు విసిరాడు. అది కిటికీ పక్క గ్లాసు. వేడి టీ షాహినాజ్ మొహాన పడింది. ఆమె సగం అడుగు వెనక్కి వేసింది.

వగీహ్ సేవ్ నొక్కాడు. నొక్కిన చేత్తోనే వెనక్కి తిరిగి ఆమె మణికట్టు ఒడిసిపట్టి బల్లకు అదిమాడు. సూది చెక్కలో దిగి విరిగింది.

చెవిలో మున్తసిర్ ఊపిరి మాత్రం వినబడుతోంది. మూడూ యాభై తొమ్మిది. నాలుగు. నాలుగూ ఒకటి.

నాలుగూ ఆరుకి, మళ్ళీ తెరుచుకున్న దళం రేడియోలోంచి రైలు కూత చెవిలో వినిపించింది.

"రైలు కదిలింది," అన్నాడు మున్తసిర్. "లుత్ఫీ పలికాడు. టీ చల్లగా ఉందని తిడుతున్నాడట."

గంట తర్వాత స్నైపర్ కూడా దొరికాడు. పేజీ చూసి, తుపాకీ విప్పి పెట్టెలో సర్దుకుని, స్టేషన్ ఎదురుగా చెరుకురసం తాగుతున్నాడు. సూట్‌కేసు చెరుకు గడల పక్కనే పెట్టాడు.

షాహినాజ్‌ను తీసుకెళ్తుంటే ఆమె గుమ్మం దగ్గర ఆగింది. మొహం మీద టీ మరకలు ఆరిపోయాయి. ఆ నవ్వు లేదు.

"నలభై రోజుల సంగతి నాకెవరూ చెప్పలేదు," అంది, ఫిర్యాదు చేస్తున్నట్టు.

"నువ్వు మాతో ఆరు వారాలు టీ తాగావమ్మాయ్," అంది తాంత్. "సంతాపానికి వచ్చి ఏడ్చావు కూడా. ముప్పై రోజులుగా ఆ పేజీని ఎవరూ ఎందుకు ముట్టుకోలేదో ఒక్కసారైనా అడిగావా?"

పోలీసులు ఆమెను మెట్ల మీదుగా దింపారు.

వగీహ్ ఖాళీ కుర్చీ దగ్గరికి వెళ్ళాడు. దాని ముందు ఇప్పుడు గ్లాసు లేదు, తడి వలయం మాత్రం ఉంది. జేబులోంచి ఫోన్ తీసి, నెల రోజులుగా చెరపలేకపోయిన ఆ మిస్డ్ కాల్ వంక చూశాడు. వెనక నుంచి తాంత్ చప్పుడు చేయకుండా వచ్చి, కొత్త గ్లాసులో టీ పోసి వలయం మీదే పెట్టింది. ఇంకో తొమ్మిది రోజులున్నాయి కదా.

ఆఫీసుకు వెళ్ళేసరికి చీకటి పడింది. మున్తసిర్ చెయ్యి కలిపాడు. పతకం గురించి పైవాళ్ళతో మాట్లాడతానన్నాడు. ఆ మాట పూర్తికాకముందే వగీహ్ ఫోన్ మోగింది. రెండో రింగు పడేలోపే తెర మీద వేలు పెట్టాడు.

కాల్ కాదు. నగర వికీలో రమ్సీ ఖాతా చర్చా పేజీకి వచ్చిన సందేశం. కింద తాంత్ ఫౌకియా సంతకం.

"సభ్యులు రమ్సీ గారికి. ఈ సాయంత్రం మూడూ యాభై తొమ్మిదికి ఒక మార్పు చేసి, అది ఎందుకు చేశారో సారాంశం పెట్టెలో ఒక్క ముక్క రాయకుండా సేవ్ చేశారు. ఇది మొదటి హెచ్చరిక."

ఇరవై ఏళ్ళ సర్వీసులో ఏజెంట్ వగీహ్ రుష్దీ అందుకున్న మొట్టమొదటి మెమో అది.